చెరువు జమాఖర్చు: శైవల బాక్టీరియా చక్రంపై ఒక విమర్శ

మురుగునీటి శుద్ధిని గురించి వ్రాసే వ్యాసాలలోను, చెప్పే పాఠాలలోను తరచు ఒక బొమ్మ కనిపిస్తుంది. అది ఒక వృత్తం. దానికి ఒక ప్రక్క బాక్టీరియా. రెండవ ప్రక్క శైవలాలు, అనగా విడివిడిగా కంటికి ఆనక, నీటిని పచ్చగా చేసే సూక్ష్మమైన నాచు మొక్కలు. బాక్టీరియా నుండి శైవలాలకు ఒక బాణం పోతుంది. దానిపై "బొగ్గుపులుసు వాయువు, అమ్మోనియా, భాస్వరం" అని వ్రాసి ఉంటుంది. శైవలాల నుండి బాక్టీరియాకు మరొక బాణం వస్తుంది. దానిపై "ఆమ్లజని" అని ఉంటుంది. పైన సూర్యుడు. ఎడమవైపు నుండి మురుగునీరు లోపలికి వస్తుంది, కుడివైపు నుండి మంచినీరు బయటికి పోతుంది.

బొమ్మ ముచ్చటైనది. నల్లబల్లపై రెండు నిమిషాలలో గీయవచ్చు. నేనుకూడా హైస్కూలులో పాఠం చెప్పే రోజులలో ఎన్నోసార్లు గీశాను. ఒకనాడు తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు లేచి, "మాస్టారూ, రోజూ పుట్టే ఆ నాచంతా ఎక్కడికి పోతుందండీ?" అని అడిగాడు. నేను బొమ్మ వైపు చూశాను. వృత్తంలో శైవలాలకు ఆహారం వచ్చే దారి ఉన్నది, ఎండ వచ్చే దారి ఉన్నది. అవి పెరిగిన తరువాత పోయే దారి మాత్రం లేదు. "రేపు చెబుతాను, కూర్చో" అన్నాను. ఆ ప్రశ్న ఎంత లోతైనదో తెలియడానికి నాకు ఒక్కరోజు చాలలేదు.

ఈ వ్యాసం ఉద్దేశం ఆ బొమ్మను పరీక్షించడం. అది అబద్ధమని నేను అనను. అది చెప్పే సగం నిజం. చెప్పని సగంలోనే ఊరి చెరువుల, కాలువల భవిష్యత్తు ఉన్నది.

బొమ్మ ఎక్కడ పుట్టినది?

శైవలాలు విడిచే ఆమ్లజని కోసం బాక్టీరియా చేరుతవని కంటికి కనిపించేటట్లు చూపించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు ఎంగెల్మన్. 1882లో ఆయన పోగువలె ఉండే ఒక పచ్చని శైవలాన్ని సూక్ష్మదర్శిని క్రింద ఉంచి, పట్టకం ద్వారా విడదీసిన రంగుల కాంతిని దానిపై పడనిచ్చాడు. ఆమ్లజని ఉన్నచోటికి ఈదుకొనిపోయే బాక్టీరియాను అదే నీటిబొట్టులో విడిచిపెట్టాడు. ఎరుపు, నీలం కాంతులు పడినచోట బాక్టీరియా గుంపులుగా చేరినవి. ఆకుపచ్చ కాంతి పడినచోట పలుచబడినవి. మొక్క ఏ రంగు కాంతితో ఎక్కువ ఆమ్లజనిని పుట్టిస్తుందో బాక్టీరియాయే సాక్ష్యం చెప్పినవి. ఒక నీటిబొట్టులో కనిపించిన ఈ దృశ్యమే మురుగు కొలనులో ఎకరాల విస్తీర్ణంలో జరుగుతుంది.

దానిని ఇంజనీరింగు లెక్కగా మార్చినవారు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీ కేంద్రంలోని పరిశోధకులు. లుడ్విగ్, ఆస్వాల్డ్, గొటాస్, లించ్ అనేవారు 1951లో ఆక్సీకరణ కొలనులలోని శైవల సహజీవనంపై ఒక వ్యాసపరంపరను ప్రారంభించారు. 1957లో ఆస్వాల్డ్, గొటాస్ కలిసి మురుగు శుద్ధిలో కిరణజన్య సంయోగక్రియను గురించి వ్రాసిన పెద్ద వ్యాసం అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘపు సంపుటిలో వెలువడినది. మురుగు కొలనును, అందులో ఏదో జరిగి నీరు బాగుపడే గుంటగా చూడడం మాని, ఎండ ఎంత, లోతు ఎంత, నీరు ఎన్నిరోజులు నిలవాలి అని లెక్కకట్టే దారిని వారు చూపించారు. ఇంజనీరు లెక్కల పుస్తకంలోకి సూర్యుని తెచ్చారంటే అతిశయోక్తి కాదు. మన బొమ్మ ఆ కృషికి సంక్షేపరూపం.

బొమ్మ చెప్పే నిజం

మురుగునీటిలో అన్నపు మెతుకుల పిండి, నూనె, సబ్బు, మలమూత్రాలలోని పదార్థాలు కలిసి ఉంటవి. ఇవి బాక్టీరియాకు ఆహారం. బాక్టీరియా వాటిని తిని, ఆమ్లజనితో దహించి, బొగ్గుపులుసు వాయువుగాను, నీరుగాను, అమ్మోనియాగాను మారుస్తవి. అందులో కొంతభాగం వాటి శరీరాలుగా మారుతుంది. మురుగును తినే పని ముఖ్యంగా బాక్టీరియాది. "నాచు మురుగును తింటుంది" అని కొన్ని పాఠాలలో వ్రాయడం తొందరపాటు. శైవలాలలో కొన్ని జాతులు చక్కెరల వంటి పదార్థాలను నేరుగా పీల్చుకోగలిగినప్పటికి, కొలనులో పెద్దపని బాక్టీరియాదే.

చిక్కంతా ఆమ్లజనితో వస్తుంది. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో లీటరు నీరు గాలి నుండి కరిగించుకొని నిలుపుకోగల ఆమ్లజని సుమారు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. ఇళ్ళనుండి వచ్చే మురుగునీటిలోని మాలిన్యాన్ని దహించడానికి లీటరుకు 200 మిల్లీగ్రాములు, ఒక్కొక్కప్పుడు అంతకన్న ఎక్కువ కావాలి. ఏడున్నర ఎక్కడ, రెండువందలు ఎక్కడ! నీటిలోని ఆమ్లజని గంటలలో అయిపోతుంది. తరువాత ఆమ్లజని లేకుండా బ్రతికే బాక్టీరియా విజృంభిస్తవి. నీరు నల్లబడి, కుళ్ళిన గుడ్ల వాసన వేస్తుంది. మన మురికి కాలువల ప్రక్కన నడిచిన ప్రతివారికి ఇది అనుభవమే.

ఈ కొరతను తీర్చడానికి రెండు దారులున్నవి. మొదటిది గాలిని యంత్రాలతో నీటిలోకి ఎక్కించడం. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ప్రకటించారు. నేటికి పెద్ద నగరాల శుద్ధికేంద్రాలలో ఎక్కువ భాగం దాని సంతతే. ఇందులో నీరు గాలి తొట్టిలో కొన్ని గంటలు ఉంటే చాలును. కాని అటువంటి కేంద్రంలో ఖర్చయ్యే విద్యుచ్ఛక్తిలో ఇంచుమించు సగం గాలి ఊదడానికే పోతుంది. రెండవ దారి శైవలాలు. ఇవి ఎండను తీసుకొని, నీటిలోపలనే ఆమ్లజనిని తయారుచేసి, బాక్టీరియా ప్రక్కనే విడుస్తవి. కరెంటు ఖర్చు లేదు. దానికి బదులు నేల కావాలి, రోజులు కావాలి. నేల చవకగా దొరికి, ఎండ పుష్కలంగా ఉండే చోట్లకు ఇది తగిన పద్ధతి. ఇంతవరకు బొమ్మతో మనకు తగాదా లేదు.

మరచిన బాణం

ఇప్పుడు ఆ పిల్లవాని ప్రశ్నకు వద్దాం. ఆమ్లజని ఊరికే పుట్టదు. శైవలం బొగ్గుపులుసు వాయువులోని కర్బనాన్ని తన శరీరంగా కట్టుకుంటుంది. ఆ పనిలో ఆమ్లజని వెలువడుతుంది. ఎంత ఆమ్లజని వచ్చినదో దానికి తగినంత శైవలం పెరిగి తీరాలి. ఒకటి లేకుండా రెండవది లేదు.

లెక్క వేసి చూద్దాం. మురుగు కొలనులో పెరిగే శైవలాల శరీరంలో ప్రతి ఒక భాస్వర పరమాణువుకు సుమారు 106 కర్బన పరమాణువులు, 181 ఉదజని, 45 ఆమ్లజని, 16 నత్రజని పరమాణువులు ఉంటవని బర్క్లీ వారు వాడిన సూత్రం. దీనినిబట్టి 1 గ్రాము శైవలం పెరిగితే సుమారు 1.55 గ్రాముల ఆమ్లజని వెలువడుతుంది. పై తరగతుల విద్యార్థులు పరమాణు భారాలు పెట్టి ఈ అంకెను తామే రాబట్టవచ్చు.

లీటరు మురుగుకు 200 మిల్లీగ్రాముల ఆమ్లజని కావాలనుకొందాం. అదంతా శైవలాలే ఇవ్వాలంటే 200ను 1.55తో భాగించగా సుమారు 130 మిల్లీగ్రాముల శైవలం పుట్టాలి. బాక్టీరియా తమ పని చేసినవి, మురుగు దహనమైనది, నీరు వాసన పోయి పచ్చగా మారినది. ఆ పచ్చని నీటిని బయటికి వదిలిపెట్టాం. కాలువలోనో చెరువులోనో ఆ 130 మిల్లీగ్రాముల శైవలం ఒకనాడు చచ్చి కుళ్ళుతుంది. దానిని మళ్ళీ బాక్టీరియా తినాలి. అందుకు ఎంత ఆమ్లజని కావాలి? అదే సూత్రాన్ని వెనుకకు నడిపిస్తే 1 గ్రాముకు 1.55 గ్రాములు, అంటే మళ్ళీ 200 మిల్లీగ్రాములు!

జమ 200, ఖర్చు 200. నిలవ సున్న. కొలనులో తీరిందనుకొన్న బాకీ కాలువకు బదిలీ అయినది. ఇదే నా ప్రధానమైన ఆక్షేపణ. బొమ్మలోని ఆమ్లజని బాణం దానంగా కనిపిస్తుంది. నిజానికి అది అప్పు. శైవలాన్ని నీటినుండి వేరుచేసిననాడే ఆ అప్పు తీరుతుంది.

ఇక్కడ న్యాయంగా మూడు మాటలు ఒప్పుకోవాలి. మొదటిది, కొలనుకు కావలసిన ఆమ్లజనిలో కొంత పైగాలి నుండి కూడా వస్తుంది. మాలిన్యంలో కొంత అడుగుకు దిగిపోతుంది. కనుక అప్పు నేను వేసిన లెక్కకన్న తక్కువ కావచ్చు. రెండవది, బ్రతికి ఉన్న శైవలం వెంటనే కుళ్ళదు. ప్రవహించే నీటిలో అది పలుచబడి, చిన్న జంతువులకు ఆహారమై, మెల్లగా ఖర్చవుతుంది. మూడవది, ఆ పచ్చని నీరు పొలానికి పారితే శైవలం ఎరువు అవుతుంది. అక్కడ అది బాకీ కాదు, లాభం. కాని కదలిక లేని చిన్న చెరువులోకి వదిలితే ఈ మినహాయింపులు అంతగా ఆదుకోవు. పైగా శైవలంలోని భాస్వరం మళ్ళీ కొత్త శైవలాన్ని పుట్టిస్తుంది. అదే సూత్రం ప్రకారం 1 గ్రాము భాస్వరం సుమారు 78 గ్రాముల శైవలానికి చాలును. అది కుళ్ళడానికి సుమారు 120 గ్రాముల ఆమ్లజని కావాలి. వేసవిలో తెల్లవారేసరికి చెరువులో చేపలు నోళ్ళు తెరుచుకొని పైకి తేలడానికి ఒక కారణం ఇటువంటి బాకీయే.

చీకటి సీసా, వడపోత కాగితం

ఈ అప్పు సంగతి శాస్త్రజ్ఞులకు తెలియనిది కాదు. మురుగు తీవ్రతను కొలిచే పరీక్షలోనే దాని గుర్తు ఉన్నది. నీటిలోని బాక్టీరియా కొన్ని రోజులలో ఎంత ఆమ్లజనిని వాడుకుంటవో కొలుస్తారు, దీనిని బి.ఓ.డి. పరీక్ష అంటారు. పాత పద్ధతిలో 20 డిగ్రీల వద్ద 5 రోజులు. మన దేశపు వేడికి తగినట్లు 27 డిగ్రీల వద్ద 3 రోజులు. ఈ సీసాలను తప్పనిసరిగా చీకటిలో ఉంచుతారు. ఎందుకని? వెలుతురు తగిలితే సీసాలోని శైవలాలు ఆమ్లజనిని పుట్టించి లెక్కను తారుమారు చేస్తవి. చీకటిలో అవి ఇవ్వడం మాని, తీసుకోవడం మొదలుపెడతవి. పగటి దాత రాత్రి భోక్త అవుతాడని ఈ పరీక్షను ఏర్పరచినవారికి తెలుసు.

చట్టంలోను దీని గుర్తు ఉన్నది. 1991లో ఐరోపా సమాజం పట్టణాల మురుగునీటిపై ఒక శాసనం చేసినది. మామూలు శుద్ధికేంద్రాల నీటిని ఉన్నదున్నట్లు పరీక్షించాలని, మురుగు కొలనుల నీటిని మాత్రం వడపోసిన తరువాత పరీక్షించాలని అందులో విధించారు. వడపోయని నీటిలో తేలియాడే పదార్థం లీటరుకు 150 మిల్లీగ్రాములకు మించరాదన్నారు. దీని అర్థం గమనించండి. శైవలాన్ని తీసివేసి, మిగిలిన నీటి స్వచ్ఛతను కొలవడానికి కొలనులకు అనుమతి దొరికినది. కరెంటు ఖర్చు లేని పద్ధతిని నిలబెట్టుకోవడానికి ఇచ్చిన మినహాయింపుగా ఇది సమంజసమే కావచ్చు. కాని పరీక్షశాలలో వడపోత కాగితంపై నిలిచిపోయిన శైవలం, కాలువలో నిలిచిపోదు కదా!

బొమ్మ మొదటి కర్తలను ఈ విషయంలో తప్పుపట్టడం అన్యాయం. 1957లోనే గోలూకె, ఆస్వాల్డ్, గొటాస్ కలిసి శైవలాలను మూసిన తొట్టిలో కుళ్ళబెట్టి మీథేన్ వాయువును తీయడాన్ని గురించి వ్రాశారు. 1965లో గోలూకె, ఆస్వాల్డ్ మురుగులో పెరిగిన శైవలాలను కోయడం, శుద్ధిచేయడం గురించి వ్రాశారు. వారి దృష్టిలో కొలను ఒక పొలం, శైవలం పంట, పంట కోయనిదే సేద్యం పూర్తికాదు. వారి మాటను సంక్షేపించి చెప్పినవారు సేద్యాన్ని ఉంచి, కోతను వదిలిపెట్టారు.

మరి మూడు లోపాలు

వృత్తం పగలు రాత్రి ఒకే తీరున తిరుగుతున్నట్లు గీయడం మరొక లోపం. నడిమధ్యాహ్నం పచ్చని కొలనులో ఆమ్లజని, గాలి నుండి మామూలుగా కరిగే పరిమితిని కూడా దాటిపోతుంది. సూర్యుడు అస్తమించగానే ఆ పుట్టుక ఆగిపోతుంది. రాత్రంతా బాక్టీరియా, శైవలాలు రెండూ ఒకే కుండలోని నీళ్ళు త్రాగినట్లు ఉన్న ఆమ్లజనినే వాడుకుంటవి. తెల్లవారుజామున అది కనిష్ఠం. కనుక ఒక కొలను ఆరోగ్యాన్ని తెలుసుకోవాలంటే మధ్యాహ్నం మూడు గంటలకు కాదు, కోడికూతవేళ పరీక్షించాలి.

రెండవ లోపం లోతును మరచిపోవడం. ఒకటిన్నర మీటర్ల లోతుగల కొలనులో వెలుతురు పైభాగానికే చేరుతుంది. పచ్చదనం పెరిగినకొద్ది ఇంకా తక్కువ దూరం పోతుంది. అడుగున చీకటి. అక్కడ చేరిన మడ్డిని ఆమ్లజని అక్కరలేని బాక్టీరియా పులియబెట్టి మీథేన్‌గా మారుస్తవి. అది బుడగలుగా పైకి వచ్చి గాలిలో కలుస్తుంది. ఈ కర్బనం శైవలంతో పనిలేకుండానే నీటిని విడిచిపోయినది. ఒకే కొలనులో పైన ఒక కర్మాగారం, అడుగున మరొకటి ఉన్నవన్నమాట. వృత్తపు బొమ్మలో పై అంతస్తు మాత్రమే ఉన్నది. అయితే మీథేన్ భూగోళపు వేడిని పెంచే వాయువు కనుక, ఈ రెండవ దారినికూడ ఉచితమని మురిసిపోరాదు.

మూడవది అన్నిటికన్న ముఖ్యం. మురుగును శుద్ధిచేయడంలో మొదటి ప్రయోజనం కలరా, టైఫాయిడ్ వంటి రోగాల క్రిములను తొలగించడం. ఈ పని బొమ్మలో ఎక్కడా లేదు. కాని శైవలాలు చేసే గొప్ప సేవలలో ఇది ఒకటి. ఎండలో అవి బొగ్గుపులుసు వాయువును వేగంగా లాగివేస్తవి, అందువల్ల నీరు క్షారగుణం పొందుతుంది, మధ్యాహ్నానికి పి.హెచ్. విలువ 9 దాటవచ్చు. నాగపూరు పరిశోధకులు పర్హాద్, రావు 1974లో ప్రకటించిన వ్యాసంలో, పి.హెచ్. 9.2 దాటిన మురుగునీటిలో పేగులలో ఉండే ఎషరీషియా కోలై బాక్టీరియా బ్రతకలేకపోయినవని చూపించారు. 1992లో కర్టిస్, మారా, సిల్వా అనేవారు పి.హెచ్., ఆమ్లజని, సూర్యకాంతి మూడూ కలిసి మలసంబంధమైన బాక్టీరియాను ఎట్లా దెబ్బతీస్తవో వివరించారు. శైవలం బాక్టీరియాకు ఊపిరి పోస్తుందని మాత్రమే బొమ్మ చెబుతున్నది. ఊపిరి పోసిన చేతితోనే కొన్ని బాక్టీరియాను చంపుతుందని, మనకు మేలు జరిగేది ఆ చంపడం వల్లకూడ అని చెప్పడంలేదు.

"స్నేహం" అనే మాట

పిల్లలకు ఆసక్తి కలగాలని మనం శైవలాలు, బాక్టీరియా స్నేహితులని చెబుతాం. మాట తియ్యగా ఉన్నది. దానికి కొంత ఆధారం లేకపోలేదు. 2005లో క్రాఫ్ట్, ఆయన సహచరులు 326 శైవల జాతులను గురించిన సమాచారాన్ని పరిశీలించి, వాటిలో 171 జాతులకు బి12 విటమిను బయటినుండి అందాలని చూపించారు. ఈ విటమినును శైవలాలు తయారుచేసుకోలేవు, బాక్టీరియా చేయగలవు. అంటే వాయువుల మార్పిడి ఒక్కటే కాదు, ఇంకా సూక్ష్మమైన ఇచ్చిపుచ్చుకోవడం వీటి మధ్య ఉన్నది.

కాని అదే నీటిలో భాస్వరం కొరత పడితే రెండూ దానికోసం పోటీపడతవి. కొన్ని బాక్టీరియా శైవలాలను చంపి తింటవి. శైవలాల వల్ల పెరిగిన పి.హెచ్. మురుగు తినే బాక్టీరియా పనిని కూడా మందగింపజేయగలదు. ఇది సంతలోని బేరం వంటిది. ఎవరి అవసరం వారిది. రెండు అవసరాలు కలిసినంతసేపు ఇద్దరికి లాభం. కలవనినాడు ఎవరి దారి వారిది. ఇంజనీరు పని ఆ సంతను సరియైన చోట, సరియైన లోతులో, సరియైన కాలవ్యవధితో ఏర్పాటుచేయడం. స్నేహం అనుకొని వదిలివేస్తే ఆ పని అక్కరలేదనిపిస్తుంది. మాటలోని ప్రమాదం ఇదే.

బాణం ఎక్కడికి పోవాలి?

కోత అంత తేలిక కాదు. ఈ శైవలాలలో చాలావాటి కణాలు మిల్లీమీటరులో నూరవవంతు ఉండవచ్చు, అంతకన్న చిన్నవీ ఉన్నవి. బరువులో నీటికి ఇంచుమించు సమానం. కనుక నిలవబెట్టినా త్వరగా అడుగుకు దిగవు. వడపోతలు మూసుకుపోతవి. గిరగిర తిప్పి వేరుచేసే యంత్రాలకు కరెంటు కావాలి. అప్పుడు ఎండతో మిగిల్చిన ఖర్చు మళ్ళీ నెత్తిన పడుతుంది.

ఇందుకు రెండు మార్గాలను చెప్పుకోవచ్చు. మొదటిది శైవలాలు తమంతట తామే గుచ్ఛాలుగా చేరి దిగేటట్లు చేయడం. ఇక్కడ మళ్ళీ బాక్టీరియాయే తోడ్పడతవి: అవి విడిచే జిగురు పదార్థం శైవల కణాలను అంటించి ముద్దలు కడుతుంది. న్యూజిలాండులో పార్క్, క్రాగ్స్, షిల్టన్ అనేవారు లోతు తక్కువగల కొలనులో నీటిని చక్రంతో మెల్లగా త్రిప్పుతూ, అడుగుకు దిగిన శైవలంలో కొంత తిరిగి కొలనులో విత్తనంగా వేశారు. అట్లా చేయడంవల్ల త్వరగా దిగే జాతి ప్రబలి, కోత సులభమైనదని 2011లో ప్రకటించారు. మన రైతు మంచి గింజను విత్తనానికి తీసిపెట్టినట్లే ఇది.

రెండవ మార్గం మన దేశంలోనే, కలకత్తా నగరానికి తూర్పున ఉన్నది. అక్కడి తడినేలల విస్తీర్ణం సుమారు 12,500 హెక్టార్లు. 2002లో దానిని రామ్‌సార్ ఒప్పందం క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల తడినేలగా గుర్తించారు. నగరపు మురుగు కాలువల ద్వారా వచ్చి, "భేరీలు" అనే లోతులేని చెరువులలో చేరుతుంది. అక్కడి బెస్తలు మురుగును ఎంత వదలాలో, ఎన్నాళ్ళు ఎండనివ్వాలో, నీరు ఏ రంగుకు తిరిగితే చేపపిల్లలను వదలవచ్చునో తరాల అనుభవంతో నేర్చారు. బాక్టీరియా మురుగును తింటవి. శైవలాలు బాక్టీరియాకు ఆమ్లజనిని ఇస్తవి. శైవలాలను, వాటిని తిని బ్రతికే సూక్ష్మజంతువులను చేపలు తింటవి. చేపలు నగరపు అంగడికి పోతవి. మన కొల్లేటి ప్రాంతపు చెరువులలో పెంచే శీలావతి, బొచ్చె చేపలే అక్కడకూడ పెరుగుతవి. శైవలాన్ని వేరుచేసే యంత్రం చేప కడుపులోనే ఉన్నది! బొమ్మలో లేని బాణాన్ని ఆ బెస్తలు వలతో గీశారు. ఈ పద్ధతి విలువను లోకానికి తెలియజేయడంలో ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్ కృషి ముఖ్యమైనది.

దీనినికూడ కళ్ళు మూసుకొని మెచ్చుకోరాదు. ఇళ్ళ మురుగులో తోళ్ళ పరిశ్రమల వంటివాటి మురుగు కలిస్తే క్రోమియం వంటి లోహాలు చేరుతవి. వాటిని ఏ బాక్టీరియా దహించలేదు. చేపను శుభ్రంగా కడిగి, బాగా ఉడికించి తినవలసిన జాగ్రత్తకూడ ఉన్నది. నగరం పెరిగినకొద్ది ఆ నేలపై ఇళ్ళు కట్టాలనే ఒత్తిడి మరొక ఆపద. అయినప్పటికి జమాఖర్చు సరిపోయే లెక్క ఒకటి ఆచరణలో ఉన్నదని చూపడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ నాకు తెలియదు.

తరగతి గదిలో

ఉపాధ్యాయ మిత్రులకు ఒక సూచన. బొమ్మను మానవద్దు, మూడు గీతలు చేర్చండి. శైవలాల నుండి బయటికి ఒక బాణం గీసి, దాని చివర "కోత" అని వ్రాయండి. సూర్యుని ప్రక్కనే చంద్రుని గీసి, రాత్రివేళ ఆమ్లజని బాణాన్ని తిరగవేయండి. అడుగున చీకటి పొర గీసి, అందులోనుండి మీథేన్ బుడగను పైకి పంపండి.

చిన్న ప్రయోగంకూడ చేయవచ్చు. పచ్చని చెరువునీటిని తెచ్చి, మురుగుకు బదులు రెండుమూడు చెంచాల బియ్యం కడుగునీరు కలపండి. దీనిని మూడు గాజు సీసాలలో గాలి మిగలకుండా నింపి బిరడా వేయాలి. మూడవ సీసాలోని నీటిని మాత్రం ముందుగా వడపోత కాగితం గుండా వడపోయాలి. మొదటిదాన్ని కిటికీ వెలుతురులో ఉంచండి. మిగిలిన రెండింటికి నల్లగుడ్డ చుట్టండి. మరునాటి సాయంకాలం ఒక్కొక్కదానిలో మిథిలీన్ బ్లూ రంగును రెండు చుక్కలు వేసి, మళ్ళీ బిరడా బిగించి గమనించండి. నీటిలో ఆమ్లజని అయిపోయినచోట ఈ నీలిరంగు వెలిసిపోతుంది. ఏ సీసా ముందు రంగు కోల్పోతుందో చూసేముందు విద్యార్థులచేత ఊహించి వ్రాయించండి. ఒకే చెరువునీరు వెలుతురులో ఒకలాగు, చీకటిలో ఒకలాగు, శైవలం తీసిన తరువాత మరొకలాగు ప్రవర్తిస్తే, ఎందుకని పిల్లలే అడుగుతారు. ఫలితం అనుకొన్నట్లు రాకపోతే అదికూడ చర్చకు మంచి అవకాశమే. ప్రయోగం తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. అసలు మురుగునీటిని మాత్రం తరగతికి తేవద్దు.

మన ఊళ్ళలో పచ్చని మురుగు కొలనులు ఇంకా రావచ్చు, రావాలికూడ. ఎండ మనకు లోటులేదు. అయితే ఊరి పెద్దలు, ఇంజనీర్లు ఒక కొలనును తవ్వదలచినప్పుడు "నీరు ఎక్కడినుండి వస్తుంది, ఎన్నిరోజులు నిలుస్తుంది" అనే రెండు ప్రశ్నలతో ఆగరాదు. "పుట్టిన నాచు ఎక్కడికి పోతుంది" అని మూడవ ప్రశ్న వేయాలి. పొలానికా, చేపకా, మీథేన్ తొట్టికా, లేక దిగువనున్న మరొక ఊరి చెరువుకా? మొదటి మూడింటిలో ఏదైనా శుద్ధియే. నాలుగవది మన బాకీని పొరుగువాని పద్దులో వ్రాయడం.

ఆ తొమ్మిదవ తరగతి పిల్లవానికి ఆనాడు నేను ఇవ్వవలసిన జవాబు ఇంతే.